ముందు పూత, తర్వాత బొమ్మ అనేవారికి

కొత్త కారు కొన్నవాడికి సలహాలకు కొదవుండదు. జగ్గయ్యపేటలోనైనా నందిగామలోనైనా షోరూం మెట్లు దిగకముందే అవి మొదలవుతాయి. కారు మీద తిరుపతమ్మ తల్లి పేరో, పిల్లల పేర్లో, తలుపుల మీద రెండు గీతలో వేయించుకోవాలని ఉందని నోరు జారితే ఇక చెప్పక్కర్లేదు. కొత్త రంగు మూడు నెలలు పచ్చిగానే ఉంటుంది, అంతవరకూ ఏమీ అంటించకూడదని ఒకరు. ముందు టెఫ్లానో సిరామిక్కో పూయించి రంగును కాపాడుకో, బొమ్మలు ఆ తర్వాత అని ఇంకొకరు. స్టిక్కరు పడ్డాక దాని కింద రంగుకు ఢోకా లేదు, ఇక చూడక్కర్లేదని మరొకరు. తరచూ ఈ మూడూ ఒకే మనిషి చెబుతాడు. పచ్చి రంగు మీద స్టిక్కరు పనికిరాకపోతే పూత మాత్రం ఎలా పనికొస్తుందని అతన్ని అడిగినవారు లేరు.

మూడూ తప్పే. సలహా ఉచితంగానే వస్తుంది, పాటించడానికే వేలు ఖర్చవుతాయి. అందుకే ఈ ఖండన.

పచ్చి రంగు మాట గాల్లోంచి పుట్టలేదు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో లారీ బాడీలకు కొట్టే ఎనామిల్ గాలికే ఆరేది. పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపలి ద్రావకం మెల్లగా వారాల తరబడి బయటికి వస్తూ ఉంటుంది. దాని మీద ఏది మూసినా కింద బుడగలు లేస్తాయి. అక్కడ ఆ జాగ్రత్త ముమ్మాటికీ నిజం. దాన్ని తెచ్చి షోరూం కారుకు తగిలించడంలోనే పొరపాటు. కర్మాగారంలో కారు బాడీని రసాయనాల తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో ప్రైమరు పట్టించి, 160 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో కాలుస్తారు. ఆపైన రంగు, దాని మీద క్లియర్ కోటు. వాటిని మళ్లీ దాదాపు 140 డిగ్రీల వేడిలో ఇరవై ముప్పై నిమిషాలు ఉంచుతారు. అప్పటికి బాడీలో సీట్లుండవు, టైర్లుండవు, డాష్‌బోర్డు ఉండదు, కాబట్టి అంత వేడి పెట్టగలుగుతారు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడి కారైనా, గుజరాత్ నుంచో తమిళనాడు నుంచో వచ్చిన కారైనా, పెయింటు షాపు గేటు దాటేసరికి దాని రంగు పూర్తిగా పక్వమై ఉంటుంది. మన చేతికి రావడానికి మధ్యలో రవాణా, స్టాకు యార్డు ఉండనే ఉన్నాయి. ప్రత్యేక ఎడిషన్ల పేరుతో కంపెనీలే తలుపుల మీద గ్రాఫిక్సు అంటించి అమ్ముతుంటే, మనం మాత్రం మూడు నెలలు నోములు పట్టాలా?

పచ్చి రంగు ప్రమాదం నిజంగా ఎక్కడుందో ఈ సలహాదారులు చెప్పరు. కొత్త కారు ట్రెయిలర్ మీద వస్తూనో, యార్డులో తిప్పుతూనో చిన్న దెబ్బ తినడం అరుదేమీ కాదు. ఆ ఫెండరుకో బంపరుకో బాడీ షాపులో మళ్లీ రంగు కొడతారు. అక్కడ 140 డిగ్రీలు పెడితే ప్లాస్టిక్ కరిగిపోతుంది కాబట్టి దాదాపు 60 డిగ్రీలతో సరిపెడతారు. అది కర్మాగారపు రంగు కాదు. ఫిల్ము తయారుచేసే కంపెనీలు కొత్తగా రంగు కొట్టిన చోట కనీసం మూడు వారాలు ఆగమని రాస్తాయి. ఆ మాట ఇలాంటి రంగు గురించే. పైగా అలాంటి చోట అంటించిన స్టిక్కరును తర్వాత పీకితే రంగూ వెంట వచ్చే ప్రమాదముంది. డెలివరీ రోజున రంగు మందం కొలిచే పరికరం పట్టించి చూడమనండి. కర్మాగారపు రంగు పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటాయి. ఒక్క తలుపు దగ్గర రెండు వందలు దాటిందంటే అక్కడ ఏదో జరిగినట్టే. మూడు నెలలు ఆగేవాడికంటే మూడు నిమిషాలు కొలిపించుకున్నవాడు తెలివైనవాడు.

ఇక ముందు పూత సంగతి. ఎక్కువమందిని ముంచేది ఇదే. షోరూంలో పూత అమ్మేవారు బానెట్ మీద నీళ్లు చల్లి చూపిస్తారు. తామరాకు మీద చుక్కల్లా జారిపోతాయి. చూసినవాడు మురిసి డబ్బు కడతాడు. ఇంతవరకూ మోసమేమీ లేదు. ఆ పూత చేసే పనే అది, ఏదీ తన మీద నిలవకుండా చూడటం. ఆ మర్నాడే అదే బానెట్‌ను రేడియం షాపుకు తీసుకెళ్లి స్టిక్కరు అంటించమంటాడు. నీటిచుక్కను నిలవనివ్వని చోట జిగురు ఎలా నిలుస్తుంది? జిగురు పట్టాలంటే అది రంగు మీద పల్చగా పరుచుకుని ప్రతి మిల్లీమీటరునూ తడిమి పట్టుకోవాలి. మైనమైనా, సిలికాన్ పాలిష్ అయినా, టెఫ్లాన్ పేరు పెట్టుకున్నదైనా, సిరామిక్ అయినా సరిగ్గా ఆ పట్టునే అడ్డుకుంటాయి. ఏ పేరున్న ఫిల్ము కంపెనీ సూచనలు చూసినా మైనం, సిలికాన్, నూనె జాడ లేని ఉపరితలం కావాలనే రాసి ఉంటుంది.

వెంటనే ఒక ఎదురు మాట వస్తుంది. ‘మా బావ కారుకు సిరామిక్ వేయించాకే స్టిక్కరు అంటించాం, రెండేళ్లయింది, చెక్కుచెదరలేదు.’ కావచ్చు. బల్లపరుపు తలుపు మీద నాలుగు అక్షరాలు నిలిచిపోతాయి. ఆ పూత అప్పటికే అరిగిపోయి ఉండవచ్చు, జిగురు బలమైనదై ఉండవచ్చు. కాని ఫెండరు వంపు మీద, తలుపు అంచు మడత మీద, బంపరు మూల మీద అంటించిన గీతను చూడండి. లాగి పరిచిన ఫిల్ము తిరిగి వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, దాన్ని ఆపేది జిగురు ఒక్కటే. పూత మీద ఆ మూలలు లేస్తాయి. అప్పుడు షాపు కుర్రాడు ‘ఏం కాదన్నా, నేను చూసుకుంటా’ అని క్విక్ గమ్ చుక్క వేస్తాడు. రంగును కాపాడదామని వేయించిన పూత చివరికి క్లియర్ కోటు మీద గమ్ మచ్చను మిగిల్చి పోతుంది.

టెఫ్లాన్ గురించి ఇంకో మాట. 1938లో డూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ కంటపడిన ఆ పదార్థం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి. దోసె పెనానికి దాన్ని పట్టించేది అలాంటి వేడిలోనే. కొట్టంలో నిలబెట్టిన కారుకు గుడ్డతో రుద్దితే అది రంగుతో ఎలా కలిసిపోతుందో అమ్మేవారే చెప్పాలి. సిరామిక్‌కు చెప్పే ‘9హెచ్’ గట్టిదనం కూడా అంతే. వజ్రాన్ని, రాళ్లను కొలిచే కొలత అది కాదు, పెన్సిళ్ల కొలత. 9హెచ్ పెన్సిలుతో గీస్తే గీత పడలేదని మాత్రమే దాని అర్థం. రోడ్డు మీది ఇసుక గింజకు పెన్సిలంటే లెక్క లేదు. సిరామిక్ దండగని నేననడం లేదు. కడగడం తేలిక చేస్తుంది, మెరుపు నిలుపుతుంది. వేయించుకోండి, కాని స్టిక్కరు పని అయ్యాక, మిగిలిన బాడీకి.

మరి స్టిక్కరుకు ముందు రంగును కాపాడేదేమిటి? శుభ్రత. ఆ మాటను తేలిగ్గా తీసుకునేవారు మా ప్రాంతం ఎలాంటిదో తెలియనివారు. మా ముక్త్యాల చుట్టూ ఉన్నది సున్నపురాయి నేల. ముక్త్యాలలో కేసీపీ, జయంతిపురంలో రామ్‌కో సిమెంటు కర్మాగారాలు ఆ రాయి కోసమే వచ్చాయి. జగ్గయ్యపేట రోడ్డెక్కితే సిమెంటు బల్కర్లు, రాళ్ల టిప్పర్లు, లారీలు ఎదురవుతూనే ఉంటాయి. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, ఎన్నో ఇళ్లకు కూడు పెట్టేవీ ఆ కర్మాగారాలే. కాని ఈ దుమ్మును మామూలు దుమ్మనుకుని పొద్దున్నే పొడి గుడ్డతో దులపడం రంగుకు జరిగే మొదటి హాని. సిమెంటు కలిసిన దుమ్ము తడిస్తే గాఢమైన క్షారం. డిసెంబరు, జనవరి నెలల్లో కృష్ణ మీదుగా వచ్చే మంచు రాత్రంతా కారు మీద కురిసి, పొద్దున ఎండకు ఆరితే, ఆ పొర రంగును పట్టుకుని గట్టిపడుతుంది. పొడిగా తుడిస్తే గరుకు గింజలు సన్నటి గీతలు పెడతాయి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు నల్ల కారు మీద కనిపించే సాలెగూడు గీతలు చాలావరకు అలా పుట్టినవే.

చేయవలసింది కష్టమైనదేం కాదు. గుడ్డ తగలకముందే పైనుంచి కిందికి ధారాళంగా నీళ్లు పోయాలి. కాసిని నీళ్లు చిలకరించి వదిలేయడం కంటే అసలు తడపకపోవడం మేలు, తడి తగిలితే గట్టిపడే సరుకు అది. అప్పటికే పట్టేసిన మచ్చలకు తెల్ల వెనిగర్‌ను సగానికి సగం నీళ్లతో కలిపి రెండు నిమిషాలు ఉంచి బాగా కడిగేస్తే సున్నం కరుగుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి పోవద్దు. మచ్చతో పాటు క్రోమ్ పట్టీలనూ తినేస్తుంది.

నీళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. సున్నపు నేలలో బోరు నీళ్లు కఠినమైనవి, సున్నం ఎక్కువ. ఎండలో కడిగి అలాగే వదిలేస్తే చుక్క చుక్కకూ తెల్లటి వలయం మిగులుతుంది. దాని మీద స్టిక్కరు వేస్తే జిగురు రంగుకు కాదు, ఆ సున్నపు పొరకు అంటుకుంటుంది. రెండు నెలల తర్వాత పొర ఊడినప్పుడు స్టిక్కరు నాసిరకమని తిట్టుకుంటాం. నీడలో కడిగి, ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తుడవాలి. చెయ్యి పెట్టి చూస్తే ఇంకా గరుగ్గా తగులుతుంటే డీటెయిలింగ్ షాపుల్లో క్లే బార్ దొరుకుతుంది, సబ్బు నీళ్లతో తడిపి మెల్లగా రుద్దితే పట్టిన గింజలు దానికి అంటుకొచ్చేస్తాయి.

పూజ సంగతి చెప్పకపోతే మా ఊరివాడిని కానట్టే. కొత్త కారు వేదాద్రి నరసింహస్వామి దగ్గరికో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గరికో వెళ్లకుండా ఉండదు, వెళ్లొద్దని చెప్పడానికి నేనెవణ్ని? బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, దానికి కుంకుమ బొట్లు, కొబ్బరి నీళ్ల చుక్కలు. ఇంటికొచ్చాక తెల్ల కారు మీద పసుపు మరక చూసి పెట్రోలుతోనో థిన్నరుతోనో రుద్దేవారున్నారు. పసుపు రంగు సూర్యరశ్మికి దానంతటదే విరిగిపోతుంది. కడిగి నాలుగు రోజులు ఎండలో తిప్పితే పోతుంది. కొబ్బరి నీళ్లలోని తీపి, రసాయనపు కుంకుమ రంగు మాత్రం ఆగవు, వాటిని ఆ సాయంత్రమే నీళ్లతో కడిగేయాలి. కర్పూరం పళ్లెం బానెట్ మీద పెట్టకండి. స్టిక్కరు పని పూజ ముగిసి, కారు కడిగాకే.

అంటించే ముందు చివరిసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది ఆవిరయ్యేలోపే పొడి గుడ్డతో తీసేయాలి. శానిటైజరూ అదేగా అని కొందరు సీసా విప్పుతారు. చేతులు ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది మళ్లీ జిడ్డే. వేళ కూడా ముఖ్యం. రేకు వేడి సుమారుగా 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఫిల్ము మాట వింటుంది. నందిగామ ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే ఊరు. మే నెల మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యే పెట్టలేం. ఆ రేకు మీద జిగురు తాకీ తాకగానే పట్టేస్తుంది, ఫిల్ము సాగిపోతుంది, వంకర దిద్దుకునే వీలుండదు. పొద్దున పూట, నీడలో, దుమ్ము లేని గదిలో చేయించండి. రోడ్డు పక్కన టార్పాలిన్ కింద చేసే పనిలో బల్కరు దుమ్ము కూడా ఉచితంగా జిగురులో కలుస్తుంది.

ఫిల్ములో రెండు జాతులున్నాయి, రేడియం షాపులో ఎవరూ అడగనిది ఇదే. ఒకటి వేడి రోలర్ల మధ్య నలిపి సాగదీసి చేసేది. దానిలో ఆ ఒత్తిడి ఎప్పటికీ మిగిలి ఉంటుంది కాబట్టి ఎండకు మెల్లగా కుంచించుకుపోతుంది. అంచున జిగురు బయటపడి దుమ్మును పట్టుకుంటుంది. మా దగ్గర కార్ల మీద పేర్ల చుట్టూ కనిపించే బూడిదరంగు అంచు అదే. రెండోది ద్రవంగా పోసి ఆరబెట్టేది, పల్చన, దాదాపు 50 మైక్రాన్లు, వంపుల మీద ఒదిగి కూర్చుంటుంది, ఖరీదూ ఎక్కువ. కంపెనీ పేరు చూసి మోసపోవద్దు. ఒకే కంపెనీ రెండూ చేస్తుంది. ఒరాకల్ అనే బ్రాండులోనే 651 మొదటి రకం, 951 రెండో రకం. చదును తలుపు మీద రెండు మూడేళ్లకు మొదటిది చాలు. ఫెండరు వంపులకు అది పనికిరాదు.

‘ఆరేళ్ల గ్యారంటీ అండీ’ అన్న మాటను కూడా ఇక్కడే ఖండించాలి. ఒరాకల్ తయారయ్యేది జర్మనీలో, బెర్లిన్ పక్క ఒరానియెన్‌బర్గ్‌లో. దాని కాగితంలో ఆయుష్షు లెక్క మధ్య యూరప్ వాతావరణానికి, నిలువుగా అంటించినదానికి. మన బానెట్, టాపు పైకి చూస్తుంటాయి, ఎండ నేరుగా తాగుతాయి. అక్కడ ఆ లెక్కలో సగం కూడా ఆశించలేం. టాపు మీద గీతలు వేయించుకునే సరదా ఉన్నవారు మూడో ఏడు రాకముందే తీయించేయడానికి సిద్ధపడాలి.

రంగుకు అసలు శత్రువు ఎండా కాదు, దుమ్మూ కాదు, షాపులోని బ్లేడు. ఫిల్మును కారు మీద పరిచి, అక్కడే అంచు వెంట కోసే అలవాటు చాలా చోట్ల ఉంది. క్లియర్ కోటు మొత్తం మందం 40 మైక్రాన్ల పైచిలుకు, తల వెంట్రుక కంటే పల్చన. బ్లేడుకు ఫిల్ము ఎక్కడ అయిపోయిందో, రంగు ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ కోత ఆ రోజు కనిపించదు. స్టిక్కరు తీసిన రోజున గీత తేలుతుంది, రేకు దాకా దిగితే తుప్పు. అక్షరాలూ గీతలూ యంత్రం మీద కోసి తేవాలి. కారు మీదే కత్తిరించక తప్పకపోతే దారంతో కోసే టేపు ఉంది, అది వాడమనాలి. ‘మా వాడి చెయ్యి తిరిగిందండీ, గీత పడదు’ అంటే ఆ చెయ్యిని ఇంకొకరి కారు మీద తిప్పమనండి.

అంటించాక ఇక చూడక్కర్లేదనేవారి వాదం ఫిల్మే రంగుకు కవచమని. కవచంగా పనికొచ్చేది వేరే సరుకు, పీపీఎఫ్ అంటారు, యూరిథేన్‌తో 150 నుంచి 200 మైక్రాన్ల మందంలో వస్తుంది. ఎగిరొచ్చే కంకర దెబ్బను అది ఆపుతుంది. 50 మైక్రాన్ల బొమ్మ ఆపదు. బొమ్మ ఆపేది ఎండను మాత్రమే, చిక్కూ అక్కడే. ఏళ్లు గడిచేకొద్దీ చుట్టూ ఉన్న రంగు వెలుస్తుంది, బొమ్మ కింది రంగు వెలవదు. తీసిన రోజున బొమ్మ నీడ మిగులుతుంది. ఎరుపులో స్పష్టంగా, తెలుపులో లేనట్టుగా. కాబట్టి బొమ్మ వేయించాక కాపాడుకోవలసింది బొమ్మ లేని చోటునే. రెండు రోజులు నీళ్లు తగలనివ్వకుండా ఆగి, తర్వాత మిగిలిన బాడీకి మైనమో సిరామిక్కో వేయించండి. స్టిక్కరు అంచుకు తగలకుండా వేయాలి, లేదంటే అంచులో తెల్లగా పేరుకుంటుంది. పాలిషింగ్ మిషను స్టిక్కరు దాపులకు రాకూడదు. వాటర్ సర్వీసింగ్‌లో గన్ను అంచుకు ఎదురుగా పెట్టనివ్వొద్దు, అడుగున్నర దూరం ఉండాలి. కడిగాక మెరుపు కోసం డీజిలు కొట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది జిగురును మెత్తబరుస్తుంది, వద్దని ముందే చెప్పండి.

తీసే రోజు గురించి ఎవరూ ఆలోచించరు. ఫిల్ము పెళుసుబారి గోటికి ముక్కలుగా రాలే దాకా ఉంచితే తీయడానికి పట్టే పూట కూలి వేయించిన ఖర్చును మించుతుంది. రంగు తేలిపోవడం మొదలైనప్పుడే తీయించండి. హెయిర్ డ్రయరుతో వెచ్చచేసి, మూల పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి మడిచినట్టు లాగాలి. మిగిలిన జిగురుకు ఐసోప్రొపైలే చాలు. పాత బ్లేడుతో గీకడం పైన చెప్పిన పాపానికి రెండో విడత.

బొమ్మలతో ఆగక కారు రంగే మారేలా చుట్టించుకునేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను అలాంటి మార్పులను గురించే. ముందు రవాణా కార్యాలయంలో అడిగి, తర్వాత రోలు విప్పించండి.

చివరగా ఒక విన్నపం. డెలివరీకి వెళ్లేముందే షోరూంకు ఫోను చేసి, నా కారుకు ఏ పూతా వేయొద్దని చెప్పండి, ‘ఫ్రీ అండీ’ అన్నా సరే. స్టిక్కరు షాపులో ఫిల్ము కంపెనీ, దాని నంబరు బిల్లు మీద రాయించుకోండి. రాయనన్న షాపు మెట్లు దిగిపోండి.